ఆవిరిలో పోటీలు

మా బాబాయిని అందరూ దిండు అనే పిలిచేవారు. కోపం వచ్చినప్పుడు పిన్ని కూడా, "ఆ దిండుని అన్నానికి రమ్మను" అనేది. లాండ్రీలో పని చేస్తాడు కాబట్టి ఆ పేరు వచ్చిందేమో అనుకునేవారు కొత్తవాళ్ళు. సంగతి అది కాదు. పగలంతా దుప్పట్లు ఇస్త్రీ చేసి, సాయంత్రం కాగానే వీధి చివరి బాక్సింగ్ హాలుకి వెళ్ళి దెబ్బలు తినేవాడు. పోటీకి తయారయ్యేవాడికి ఎదురుగా నిలబడి కొట్టించుకునే మనిషి ఒకడు కావాలి కదా, ఆ మనిషి మా బాబాయి. సన్నటివాళ్ళ కన్నా కాస్త బరువు, బరువైనవాళ్ళ కన్నా కాస్త సన్నం. అందుకని అందరికీ పనికొచ్చేవాడు.

సొంతంగా ఒక్క పోటీలోనూ ఆడలేదు. ఆ దిగులు ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. పడుకోబోయే ముందు చేతులు జోడించి, "దేవుడా, ఇవాళ నన్ను కొట్టిన చేతులన్నీ చల్లగా ఉండనీ" అనేవాడు. పిన్ని పక్కనుంచి, "నడుము సంగతి కూడా చెప్పుకోండి, ఆయన వింటున్నాడుగా" అని గుర్తుచేసేది.

లాండ్రీలో నేనూ ఆయన పక్క బల్ల దగ్గరే పని చేసేదాన్ని. తడి దుప్పటి మీద ఇస్త్రీపెట్టె ఆనించగానే తెల్లటి ఆవిరి లేచి గదంతా నిండేది. కిటికీలోంచి వచ్చే వెలుగు అందులో పడి పాలలా కనిపించేది. అప్పుడు బాబాయి చెయ్యి తన పని తాను చేసుకుపోయేది, కళ్ళు మాత్రం ఇంకెక్కడో ఉండేవి. పెదాలు చిన్నగా కదిలేవి. "ఎవరెవరు ఆడుతున్నారు బాబాయ్ ఇవాళ?" అని అడిగేదాన్ని.

"మనవాళ్ళే. ఉండమ్మా, ఇప్పుడే గంట కొట్టారు" అనేవాడు.

హాల్లో ఎప్పుడూ ఒకటే వాదన నడిచేది. లోకంలో ఇంతవరకూ పుట్టిన బాక్సర్లలో అందరికన్నా గొప్పవాడెవడు? పెద్ద బరువువాళ్ళే గొప్పని కొందరు, చిన్న బరువువాళ్ళ వేగం ముందు వాళ్ళెందుకు పనికొస్తారని కొందరు. ఒకే బరువైతే పోటీ పెట్టి చూడొచ్చు. ఏనుగునీ కందిరీగనీ ఒకే రింగులో నిలబెట్టేదెలా? గొంతులు పైకి లేచేవి, టీ చల్లారిపోయేది, ఏదీ తేలేది కాదు. బాబాయి మాత్రం ఆవిరిలో వాళ్ళని నిలబెట్టేవాడు. "అక్కడ ఎవరికీ బరువుండదమ్మా," అని నాకు చెప్పాడు ఓసారి. "దుప్పటి ఆరితే నీటి బరువు పోయినట్టు మనిషి బరువంతా పోతుంది. ఆట ఒక్కటే మిగులుతుంది. అప్పుడు తెలుస్తుంది ఎవరేమిటో."

ఆ ఆవిరిలోకి తరచు వచ్చేవాళ్ళు కొండ, తూనీగ. హాలు పుట్టాక అంత పేరు తెచ్చుకున్నవాళ్ళు ఆ ఇద్దరే. కొండ తలుపులో పట్టనంత మనిషి. ఆట మానేశాక ఇళ్ళు మారేవాళ్ళ బీరువాలూ మంచాలూ మోసే పని పెట్టుకున్నాడు. తూనీగ అతని చంక కిందికి వస్తాడు, గడియారాలు బాగుచేస్తాడు. చిన్నప్పటినుంచీ ఒకే బెంచీ మీద కూర్చుని పెరిగారు. ఇద్దరూ బాబాయిని కొట్టే పైకొచ్చారు.

బాబాయికి ఒకసారి లాండ్రీలో తడి నేల మీద కాలు జారి, ఎడమ పక్క పక్కటెముక విరిగింది. ఆ వారమే ఇద్దరికీ పెద్ద పోటీలు. తాను రాకపోతే వాళ్ళ ప్రాక్టీసు చెడుతుందని ఎవరికీ చెప్పలేదు. పిన్ని చిరిగిన దుప్పటితో గట్టిగా కట్టు కట్టింది. ఆయన రోజూ వెళ్ళాడు, నిలబడ్డాడు. దేవుడి దయవల్ల ఆ వారమంతా ఒక్క దెబ్బ కూడా అక్కడ పడలేదు. ఈ సంగతి పిన్నికీ నాకూ పైవాడికీ తప్ప ఇంకెవరికీ తెలియదని ఆయన నమ్మకం.

హాల్లో ఫోటోలు పెట్టే పద్ధతి ఒకటుండేది. ఒక్కో బరువుకి ఒక్కో గోడ. కొండ ఫోటో ఈ గోడ మీద మొదటిది, తూనీగ ఫోటో ఆ గోడ మీద మొదటిది. ఇద్దరూ మొదటివాళ్ళే, ఇద్దరూ హాయిగా ఉన్నారు. చాలా ఏళ్ళ తర్వాత ఒక వానాకాలంలో మూడు గోడలు చెమ్మపట్టి పెచ్చులూడాయి. హాల్లో ఆట నేర్పే కోచమ్మ ఫోటోలన్నీ దింపించింది. పొడిగా మిగిలింది ఒక్క గోడే. బరువులన్నీ కలిపి ఒకే వరసలో పెట్టాలి, మొదటి మేకుకి ఎవరు?

కొండ తరఫువాళ్ళు కొండ అన్నారు. తూనీగని అడిగితే, "బరువు తీసేసి చూడండి, నేనే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని ఆ మాట కొండకి గుచ్చుకుంది. "బీరువా మోసే చేతికి, గడియారం ముల్లు తిప్పే చేతికి పోలికా?" అన్నాడు. అంతే, మాటలు పోయాయి. బెంచీకి ఈ చివర ఒకడు, ఆ చివర ఒకడు. మధ్యలో ముగ్గురు కూర్చునేంత ఖాళీ.

చివరికి కోచమ్మ బాబాయి దగ్గరికే వచ్చింది. "ఇద్దరి దెబ్బలూ తిన్నది నువ్వొక్కడివే బాబాయ్. నువ్వు చెప్తే ఇద్దరూ వింటామన్నారు. ఆదివారం పొద్దున చెప్పెయ్."

బాబాయి సరేనని తలూపాడు. మర్నాడు దుప్పటి మాడ్చాడు. అన్నేళ్ళలో అదే మొదటిసారి. తెల్లటి గుడ్డ మీద గోధుమరంగు ఇస్త్రీపెట్టె అచ్చు పడింది. యజమాని వచ్చి చూసి, "ఇదేం ముగ్గు దిండూ?" అని, ఇంకేమీ అనకుండా ఆ దుప్పటి మడిచి తనింటికి పట్టుకెళ్ళాడు.

"నీకు జవాబు తెలియక దిగులా?" అని అడిగాను.

"తెలిసే దిగులు. ఆవిరిలో ఎన్నిసార్లు ఆడించినా తూనీగే గెలుస్తాడమ్మా. కొండ చెయ్యి చాచేసరికి వాడక్కడ ఉండడు. కానీ ఆ మాటంటే కొండ ఇక మన గడప తొక్కడు. అబద్ధమాడితే తూనీగ ముఖం నేను చూడలేను. ఎటు చెప్పినా బెంచీ మీద ఒకడే మిగులుతాడు."

పిన్ని చపాతీలు ఒత్తుతూ, "దెబ్బలకి భయపడని మనిషి మాటకి భయపడుతున్నాడు, చూడవే" అంది. అని, ఆయన కంచంలో ఒకటి ఎక్కువే వేసింది.

ఆదివారం పొద్దున హాల్లో సున్నం వాసన. పైకిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడి, దుమ్ము అందులో నిదానంగా తేలుతోంది. కొండ ఒక మూల, తూనీగ ఒక మూల. బాబాయి రింగులోకెక్కి నిలబడి, గొంతు సవరించుకుని, "ఇద్దరూ నన్నోసారి కొట్టండి. చేతులు మళ్ళీ చూస్తేగాని చెప్పలేను" అన్నాడు. కాసేపైనా గడువు దొరుకుతుందని అన్న మాట అది, నాకు తెలుసు.

"ఈ వయసులో నీకిదేం సరదారా?" అన్నాడు కొండ. అయినా గ్లోవ్స్ తొడుక్కుని ఎక్కాడు. చెక్కలు మూలిగాయి. బాబాయి చేతులెత్తాడు, ఎడమ పక్క తెరిచేసి. కొండ ఆయన కుడి భుజం మీద మెత్తగా ఒకటి తట్టాడు, ఆ వైపే ఇంకొకటి.

"ఎడమ పక్క అంతా ఖాళీ! అక్కడ కొట్టు పెద్దన్నా!" అని అరిచింది కోచమ్మ.

"అక్కడొద్దులే" అని కొండ దిగిపోయాడు.

తూనీగ ఎక్కాడు. వయసు వచ్చినా పాదాలు నేలకి ఆనినట్టే లేవు. బాబాయి చుట్టూ తిరిగాడు. చెంప పక్కన ఒకటి, భుజం మీద ఒకటి, చెవి పక్కన గాలిలో ఒకటి. ఎడమ పక్కకొచ్చిన చెయ్యి మాత్రం జానెడు దూరంలో ఆగిపోయి వెనక్కెళ్ళింది.

"నువ్వూ అంతేనా? ఖాళీ అక్కడుంటే!" అంది కోచమ్మ.

"అక్కడ కొట్టనమ్మా. అక్కడ ఎముక విరిగింది."

కొండ తాళ్ళు పట్టుకుని లేచాడు. "నీకెవడు చెప్పాడ్రా?"

"నీకెవడు చెప్పాడు?"

"ఎవడో చెప్పాలా? ఆ వారమంతా ఊపిరి పీల్చినప్పుడల్లా వీడి ముఖం ముడుచుకుపోయేది. చూసి ఊరుకున్నా. అడిగితే సిగ్గుపడతాడని అడగలేదు."

"గ్లోవు తగలకముందే వీడి మోచెయ్యి అక్కడికి పోయేది," అన్నాడు తూనీగ. "నేనూ అందుకే అడగలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ మేకు గొడవ తర్వాత ఒకరికొకరు సూటిగా చెప్పుకున్న మొదటి మాటలు అవే. బాబాయి రింగు మధ్యలో నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. "అయితే ఇన్నేళ్ళూ నేను దాచింది..."

"నీకు దాచడం చేతకాదులేరా దిండూ," అన్నాడు కొండ. "సరే, అది వదిలెయ్. చెప్పు. ఎవడు?"

బాబాయి కళ్ళు మూసుకున్నాడు. ఆవిరిని చూస్తున్నాడని నాకనిపించింది. "తూనీగ" అన్నాడు. అని, దెబ్బ కోసం కాచుకున్నవాడిలా కళ్ళు మూసుకునే ఉన్నాడు.

కొండ మీసం దువ్వుకున్నాడు. "అది నాకెప్పుడో తెలుసు. వాడంతట వాడు చెప్పుకుంటే ఒళ్ళు మండింది గాని, నువ్వు చెప్తే చల్లగానే ఉందిరా."

తూనీగ తల వంచుకున్నాడు. "నేనలా అని ఉండకూడదురా" అన్నాడు, గ్లోవ్ తాడు పళ్ళతో లాగుతూ.

"అన్నావుగా, ఇక మూసుకో" అన్నాడు కొండ. గోడ దగ్గరికి నడిచి, కోచమ్మ చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు. "మొదటి మేకు నేనే కొడతా. వాడికి అందదు."

తూనీగ కింద నిలబడి, తన ఫోటో తానే పట్టుకుని పైకెత్తి అందించాడు. "కొంచెం ఎడమకి. ఎడమకిరా! గోడకి తగిలించడం కూడా రాదు నీకు."

"బరువు తీసేసి చూడు, వస్తుంది" అన్నాడు కొండ.

బాబాయి రింగులో కూర్చుండిపోయి నవ్వుతున్నాడు, ఎడమ పక్క చేత్తో పట్టుకుని. నవ్వితే అక్కడ ఇప్పటికీ కాస్త కలుక్కుమంటుందట.