వెనక్కి చూడని మనిషికి ఏడు మార్కులు

మా ఆయన చేపల వేటకి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి చూడడు. నేనూ "ఎప్పుడొస్తావ్?" అని అడగను. శ్రీకాకుళం తీరం నుంచి అండమాన్‌లోని ఈ వండూర్ వచ్చి స్థిరపడ్డ మా ఇళ్లలో అదే పద్ధతి. వెనక్కి చూస్తే కీడని, అడిగితే సముద్రం వింటుందని భయం. ఇందులో ప్రేమ లేకపోవడం ఎక్కడుందో చెప్పండి!

ఒక కౌన్సెలింగ్ మేడమ్‌కి మాత్రం కనబడింది. నేను పాఠాలు చెప్పే బడిలో భార్యాభర్తల కోసం శిబిరం పెట్టారు. ఈ మధ్య చీటికీమాటికీ గొడవలు పడుతున్నాం కదా అని ఆయన్ని లాక్కెళ్లాను. హిందీలో అచ్చేసిన ప్రశ్నలు. ఎవరి మనసుకి వాళ్లే ఒకటి నుంచి ఏడు దాకా అంకె వేసుకోవాలట; ఏడంటే పూర్తిగా నిజమని. నేను తెలుగులో చదివాను, ఆయన చెప్పాడు.

"భార్యని విడిచి వెళ్లేటప్పుడు నాకేమీ అనిపించదు." టక్కున ఏడు అన్నాడు. పడవెక్కేవాడు దిగులు నోటితో పలుకుతాడా? "నా భయాలు ఆమెకి చెప్పను." దానికీ ఏడే.

మేడమ్ కూడిక వేసి, నావైపు జాలిగా చూసి, "దీదీ, భయ్యా దగ్గరితనం తట్టుకోలేని రకం" అంది హిందీలో. కాసేపట్లో మనిషి మొత్తం తేలిపోయాడట! నా ఒళ్లు మండిపోయింది. "సముద్రం మీదకెళ్లేవాడు ఇంకేమంటాడు మేడమ్?" అంటే, "ప్రశ్నలు అందరికీ ఒకటే దీదీ" అంది. ఆ కాగితం అక్కడే చింపి పారేశాను.

ఆయన మాత్రం నమ్మేశాడు. ఇంటికొచ్చి అన్నం కెలుకుతూ, "ఇన్నాళ్లూ నిన్ను ఏడిపించినానేటే?" అన్నాడు.

"ఆవిడ మొహం! నీ మనసు నీకు తెల్దా మావా?"

"సదువుకున్న మడిసి గదే. లెక్కేసి సెప్పింది."

మర్నాడు తెల్లవారుతుండగా పడవ కదిలింది. ఎప్పటిలాగే నేను ఒడ్డునున్న మా ఇంటి గుమ్మంలోనే ఉండిపోయాను. కొంతదూరం పోయాక ఆయన పడవలో లేచి నిలబడ్డాడు. వెనక్కి తిరిగి, నన్నే చూస్తూ చెయ్యి ఊపాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి.

"అటు తిరుగు మావా! తిరుగు!" అని గొంతు చించుకుని అరిచాను. ఇంజిను మోతలో ఏం వినబడుతుంది? నవ్వుతూ ఊపుతూనే ఉన్నాడు.

ఆ పూట బడికి పోలేదు, పొయ్యి వెలిగించలేదు. ఆ పిచ్చి ప్రశ్నల్ని తిట్టుకుంటూ సముద్రంకేసి చూస్తూ కూర్చున్నాను. సాయంత్రానికి పడవ వచ్చింది. దిగీదిగగానే ఆశగా నా మొహంలోకి చూసి, "ఇప్పుడైతే ఎంతేస్తాదే ఆ మేడమ్?" అన్నాడు.

ఒడ్డు మీదే ఆయన చొక్కా పట్టుకుని ఏడుస్తూ, ఆ మేడమ్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను.