ఒకే కార్డు మీద ఇద్దరు

ఉద్యోగం ఇచ్చేటప్పుడు మా యజమాని నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "నువ్వు చదివిన చదువుకు ఈడ ఏం పనుండాదమ్మా?" తిరుపతిలో సాయంత్రం తరగతులకు వెళ్లి పర్సొనెల్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా తెచ్చుకున్నదాన్ని. మనుషుల్ని చూసుకునే పని అన్నాను. మనుషుల్ని మేస్త్రీ చూసుకుంటాడు గదా అన్నాడాయన. నాకు ఒళ్లు మండింది కానీ నోరు మూసుకున్నాను, ఉద్యోగం కావాలి మరి.

తొంభైల చివరి రోజులవి. బంగారుపాళ్యం దగ్గర, హైవే పక్కన చిన్న మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. సరుకు కొనే విదేశీ కంపెనీ ఆ ఏడు ఒక కాగితం పంపింది. మీ దగ్గర పనిచేసేవాళ్లెవరు, పేర్లేమిటి, వయసెంత, ఆరోగ్య పరీక్షలు చేయించారా అని అందులో అడిగారు. సీజన్ మధ్యలో తనిఖీకి మనిషిని పంపుతామన్నారు. ఆ కాగితానికి జవాబు రాయడానికి ఒక మనిషి కావలసి వచ్చింది. అలా నేను చిత్తూరులో గది తీసుకుని రోజూ బస్సెక్కడం మొదలుపెట్టాను.

అంతకుముందు పద్ధతి చాలా తేలిక. కాయలు రావడం మొదలవగానే మేస్త్రీ చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభై మంది ఆడవాళ్లను ట్రాక్టర్‌లో తెచ్చి గేటు దగ్గర దించేవాడు. వాచ్‌మన్ తలలు లెక్కపెట్టి లోపలికి వదిలేవాడు. నలభై తలలుంటే చాలు, అవి ఎవరి తలలో ఎవరికీ పట్టదు. మామిడి సొన పడి వేళ్ల సందుల్లో తోలు లేచిపోయిన చేతులు వాళ్లవి. ఫ్యాక్టరీ నడిచేది ఆ చేతుల మీదే అయినా, అవి ఎవరివో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. డిప్లొమా పరీక్షలో కార్మికుడు అంకె కాదు, వ్యక్తి అని నాలుగు పేజీలు రాసి వచ్చాను నేను. ఈ మేస్త్రీ రాజ్యాన్ని ఒక్క సీజన్‌లో తీసేసి తీరాలని పంతం పట్టాను.

చిత్తూరు నుంచి ఫొటోగ్రాఫర్‌ని పిలిపించాను. ఆ రోజు ఆడవాళ్లంతా తలనిండా పూలు పెట్టుకుని వచ్చారు. కొందరికి జీవితంలో అదే మొదటి ఫొటో. ఒక్కొక్కరికీ ఒక కార్డు, దాని మీద ఫొటో, పేరు, ఊరు, వయసు. మేస్త్రీని ఆ దరిదాపులకు రానివ్వలేదు. ఆయన ఏదో చెప్పబోతే, ఇకమీద వాళ్లూ నేనూ నేరుగా మాట్లాడుకుంటామన్నాను. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. చివరగా గేటు పక్క గోడకు నా గుండ్రటి చేతిరాతతో నిబంధనలు అంటించాను. ఒకరి కార్డు మీద ఇంకొకరు పనికి వస్తే కార్డు రద్దు. దాని కింద ఎర్ర సిరాతో గీత కూడా గీశాను. వాళ్లలో చదవగలిగినవాళ్లు ఐదారుగురే అన్న సంగతి నాకు తట్టనే లేదు.

కాయలు కదిలే బెల్టు మొదట్లో ఉండే బల్లను తలబల్ల అనేవాళ్లు. అక్కడ నిలబడేది యాభై దాటిన ఒక పెద్దామె. తోతాపురి కాయ ఒక్కోసారి పైకి నిగనిగలాడుతూ, లోపల టెంక చుట్టూ నల్లబడి ఉంటుంది. ఆమె బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి అలాంటి కాయను పక్కకు గిరాటేసేది. కోసి చూస్తే ఆమె మాట తప్పేది కాదు. మొదటిరోజే నన్ను ఎగాదిగా చూసి, అన్నం మానేసి చదివినట్టుండావే పాపా అంది. మధ్యాహ్నం తన సంగటి ముద్దలో సగం తుంచి నా చేతిలో పెట్టేది. ఆ సంగటి తిన్న చేత్తోనే తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మూడో వారంలో ఒక ఉదయం మొదటిసారి జాబితా పట్టుకుని బల్లల వెంట నడిచాను. తలబల్ల దగ్గర పెద్దామె లేదు. ఆమె కార్డు మెడలో వేసుకుని, ముప్పై అయిదేళ్ల ఇంకొకామె కాయలు ఏరుతోంది. ఎవరు నువ్వంటే, పెద్దామె తోడికోడలినంది. ఆ తర్వాత నేనింకేమీ అడగలేదు. కార్డు తీసుకుని ఆమెను బయటికి పంపేశాను.

మరునాడు పెద్దామె వచ్చింది. గేటు ముందు అందరూ ట్రాక్టర్ దిగుతుండగా ఆమె కార్డును రెండుగా చించాను. దొంగ హాజరు వేయించుకునేవాళ్లకు ఇక్కడ పని లేదన్నాను. నలుగురికీ వినబడేలాగే అన్నాను.

ఆమె బతిమాలలేదు. చినిగిన ముక్కల వైపు చూసి అంది.

"కార్డు నీది పాపా, సించుకో. జాగా మాది."

అంతే అని, కొంగు దోపుకుని వచ్చిన దారినే నడిచి వెళ్లిపోయింది.

ఇట్లా గట్టిగా ఉండాలమ్మా అని యజమాని మెచ్చుకున్నాడు. రెండు రోజులు ఆ మెప్పుతో కడుపు నిండింది. మూడో రోజు పదమూడు మంది పనికి రాలేదు. నాలుగో రోజు ఇంకొందరు తగ్గారు. బెల్టు గంటగంటకూ ఆపాల్సి వచ్చింది, మాగిన కాయలు గుట్టలుగా పడి ఈగలు ముసిరాయి. ఇష్టం లేకపోయినా మేస్త్రీ దగ్గరికే వెళ్లి అడిగాను. ఆ పొద్దు సెప్పబోతే నువ్వు ఇనకపోతివి గదమ్మా అని ఆయన నింపాదిగా మొదలుపెట్టాడు.

ఆయన చెప్పింది ఇదీ. ఆ ఊళ్లలో ఉమ్మడి బావి నీళ్లు పొలాలకు వంతుల మీద పారతాయి. ఒకరోజు ఈ ఇంటికి, ఒకరోజు ఆ ఇంటికి. ఫ్యాక్టరీ పనికీ వాళ్లు అదే పద్ధతి పెట్టుకున్నారు. బల్ల దగ్గర ఒక జాగాకు ఇద్దరు ఆడవాళ్లు. ఒకామె పనికొస్తే, రెండో ఆమె రెండిళ్ల ఆవుల్నీ, పిల్లల్నీ, ముసలివాళ్లనీ చూసుకుంటుంది. చాలా ఏళ్లుగా అలాగే నడుస్తోంది. ఫొటో తీసిన రోజు ఎవరి వంతైతే వాళ్ల మొహం కార్డు మీదికెక్కింది. నలభై అనుకున్నవాళ్లు నిజానికి దాదాపు రెట్టింపు మంది. అందులో సగం మందిని నేను ఒక్క గీతతో దొంగల్ని చేశాను.

ఆ ఆదివారం బస్సు దిగి రెండు మైళ్లు నడిచి పెద్దామె ఊరికి వెళ్లాను. వసారాలో మంచం మీద పక్షవాతంతో పడి ఉన్న అత్తకు ఆమె ఒళ్లు తుడుస్తోంది. తోడికోడలు చిన్నామె ఇంకో పక్క పట్టుకుని ఉంది, ఆ ముసలామె ఒకరివల్ల కదిలే మనిషి కాదు. పని అయ్యేదాకా నన్ను కూర్చోమనలేదు. తర్వాత మజ్జిగ ఇచ్చింది. తొమ్మిది సీజన్లుగా తలబల్ల జాగా తమ ఇద్దరిదీ అని చెప్పింది. ఇంట్లో కాయలు ముందు పోసుకుని, తన బొటనవేలి కింద చిన్నామె వేలు పెట్టి నొక్కించి ఆ పని నేర్పిందట. ఇప్పుడు హైవే మీద ఇంకో ఫ్యాక్టరీలో అడిగితే రోజూ ఒకే మనిషి రావాలన్నారు. చిన్నామె, మొగుడు కలిసి బెంగుళూరు కట్టడాల పనికి పోవడానికి మూట కట్టుకుంటున్నారు. అదే జరిగితే అత్తను ఎత్తి దించడానికి పెద్దామె ఒక్కతే మిగులుతుంది, ఇక ఆమె కూడా గడప దాటలేదు. నా చేత్తో నేను చించింది ఇంత అని అప్పుడు తెలిసింది.

తప్పు నాదే, రేపటి నుంచి ఇద్దరూ రండి అన్నాను. పెద్దామె తల అడ్డంగా ఊపింది.

"ఈడ సెప్తే ఏం లాభం పాపా? అందరి ముందర దొంగంటివి. ఆడే సెప్పు."

సరే అన్నాను గానీ, ఉత్త మాటతో వాళ్ల జాగా నిలవదని నాకు తెలుసు. తనిఖీ ఇంకో పది రోజుల్లో ఉంది. మర్నాడు యజమాని గదిలోకి వెళ్లి, ఒక కార్డు మీద రెండు పేర్లు, రెండు ఫొటోలు వేస్తానని చెప్పాను. కొనేవాళ్లు నవ్విపోతారన్నాడాయన. గోడ మీద నువ్వే రాసి నువ్వే చెరిపేస్తే రేపు నీ మాట ఎవరు వింటారన్నాడు. తప్పు రాసింది నేనే కాబట్టి దిద్దేదీ నేనేనని, తనిఖీకి వచ్చినాయన కాదంటే ఆ సాయంత్రం బస్సుకే వెళ్లిపోతానని చెప్పాను. ఆయన కిటికీలోంచి కుళ్లుతున్న కాయల గుట్ట వైపు చూశాడు. నీ ఇష్టం అన్నాడు.

తర్వాతి అయిదు రోజులు నేను కుర్చీలో కూర్చోలేదు. మేస్త్రీని వెంటబెట్టుకుని ఊరూరా తిరిగాను. ప్రతి ఇంట్లోనూ ఒకే రకం ప్రశ్నలు. నీ జాగాలో ఎవరొస్తారు, నువ్వొచ్చిన రోజు ఇంట్లో ఎవరుంటారు. రెండో ఆడవాళ్లకు ఫొటోలు తీయించాను, డాక్టర్ని పిలిపించి అందరికీ పరీక్షలు చేయించాను. ఏ రోజు ఎవరి వంతో వాళ్ల నోటే చెప్పించుకుని రాసుకున్నాను. మేస్త్రీ ఒక్కసారి కూడా నన్ను దెప్పలేదు. అది దెప్పడం కన్నా ఎక్కువగా గుచ్చుకుంది.

సోమవారం ట్రాక్టర్ ఆగింది, అందరితో పాటు పెద్దామె కూడా దిగింది. తప్పు ఒప్పుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు, మా అమ్మ చేతిలో దెబ్బలు తిన్నాను గానీ ఒప్పుకోలేదు. గోడ మీది కాగితం పీకేసి, కార్డు చించిన చోటే నిలబడ్డాను.

"మొన్న ఈమెను దొంగ అన్నాను. ఈమె దొంగ కాదు. అడక్కుండా తీసేసినాను. తప్పు నాది."

పెద్దామె చెయ్యి చాపింది. కొత్త కార్డు ఇచ్చాను. రెండు ఫొటోల్నీ మార్చి మార్చి చూసి, నాకన్నా దాని మొగమే బాగా వచ్చిండాదే అంది. ఆ సణుగుడుతోనే వెళ్లి తలబల్ల దగ్గర నిలబడింది. నేను ఆఫీసు గదిలోకి పోయి తలుపేసుకుని ఏడ్చాను.

తనిఖీకి వచ్చినాయన కార్డును అటూ ఇటూ తిప్పి, రెండో మనిషి ఆరోగ్య పరీక్ష కాగితం ఉందా అని అడిగాడు. చూపించాను. వంతుల జాబితా అడిగాడు. అదీ చూపించాను. వేరే అభ్యంతరం ఏమీ చెప్పలేదు. ఇంత చిన్న సంగతికి నేను ఉద్యోగం పందెం పెట్టానా అని ఆయన టీ తాగుతుంటే అనిపించింది.

కొన్నేళ్ల తర్వాత తిరుపతిలో ఒక హోటల్‌లో చిన్న పరిశ్రమలవాళ్లకు క్లాసు పెడితే వెళ్లాను. టై కట్టుకున్న కుర్రాయన తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఒకే ఉద్యోగాన్ని ఇద్దరు పంచుకోవడం విదేశాల్లో కొత్తగా వస్తున్న పద్ధతి అని చెప్పాడు. నాకు నవ్వాగలేదు.

ఆ క్లాసుకు వెళ్లిన ఏడే, సీజన్ మొదట్లో చిన్నామె తమ కార్డూ, ఒక ఫొటో తీసుకుని నా గదికి వచ్చింది. పెద్దామె కూడా మంచం పట్టిందట, ఇక బల్ల దగ్గర నిలబడలేదు. ఫొటోలో ఉన్నది పెద్దామె కోడలు. కూర్చోబెట్టి అడిగాను. ఈ పిల్లకు కాయ నొక్కి చూడటం ఎవరు నేర్పారు, చంటిబిడ్డ ఉన్నాడా, పెద్దామెను ఎత్తి దించేటప్పుడు రెండో చెయ్యి ఎవరిది. ఆమె అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెప్పింది.

"ఇప్పుడిన్ని అడగతా ఉండావే అమ్మా. ఆ పొద్దు ఇందులో ఒక్కటి అడిగింటే సాలు గదా."

కోడలి ఫొటో అంటించడానికి, కార్డు మీద పెద్దామె ఫొటో అంచుల్ని తడిగుడ్డతో నానబెట్టాను. చిరక్కుండా మెల్లగా ఊడదీసి చిన్నామె చేతికిచ్చాను.