సారు రాయనన్న వయసు

మా హెడ్మాస్టరు సారు పోయారని మొన్న పొద్దున పక్కింటి అక్క వచ్చి చెప్పింది. తొంభై దాటిన మనిషి, నిద్రలోనే పోయారట. నేను స్టవ్ ఆపి, పీట మీద కూర్చుని ఏడ్చాను. ఆయన నన్ను కొట్టినన్ని దెబ్బలు మా నాయన కూడా కొట్టలేదు. అయినా ఏడ్చాను.

కొట్టేవారన్న మాట దాచను. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు గానీ నాకు ఉన్నదే చెప్పడం అలవాటు. గోదావరిఖనిలో బొగ్గు బాయిల పక్కన, అంటే గనుల పక్కన, కాలనీ బడి మాది. డెబ్బైల మొదట్లో అక్కడ దెబ్బలు లేని చోటు లేదు. సారాకొట్టు దగ్గర కొట్టుకునేవారు, నల్లా దగ్గర కొట్టుకునేవారు, రెండు యూనియన్ల వాళ్లు ఎదురుపడితే కర్రలు లేచేవి. తండ్రుల కొట్లాట మర్నాడు బడిలో పిల్లల మధ్య సాగేది. సారు బెత్తంతో మధ్యలోకి దూకి, తప్పెవరిదని అడగకుండా ఇద్దరినీ బాదేవారు. "మీ నాయినల పంచాది మీ నాయినలకే ఇడిసిపెట్టుండ్రి. ఈడ ఎక్కాలు చదువుండ్రి" అనేవారు.

బాయిల కింద భూములు పోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పిల్లలు, కొత్తగూడెం నుంచి బదిలీ మీద వచ్చినవాళ్ల పిల్లలు, ఇంట్లో ఉర్దూ మాట్లాడే ఫిట్టర్ల పిల్లలు, అందరమూ అక్కడే చదివాం. ఆరో తరగతిలో కూర్చోవడానికి చోటుండేది కాదు. ఏడుకొచ్చేసరికి వెనక బెంచీలన్నీ ఖాళీ. ఒకసారి తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఏడో తరగతి ఫలితాలు చూసి, మగపిల్లలంతా ఏమయ్యారని గద్దించాడు.

"మా ఊళ్లె పిల్లలు కాయితం మీద పెరుగుతరు సార్" అన్నారు మా సారు. "ఎండకాలం సెలవులకు పద్నాలుగేండ్లతోని పోయినోడు పద్దెనిమిదేండ్లోడై బాయిల దిగుతడు."

అది నిజం. బాయిలో పని కావాలంటే పద్దెనిమిది నిండాలి. అందుకని తండ్రులు బడికొచ్చి, వయసు పెంచి టీసీ రాసిమ్మనేవారు. కొడుకు చేతికందాడన్న సంతోషమే తప్ప, అందులో తప్పుందని ఎవరూ అనుకోలేదు. మా సారు మాత్రం రాయనంటే రాయననేవారు.

మా నాయనా అదే పని మీద వచ్చాడు. నేను ఆరో తరగతి, అన్న ఏడు. ఊళ్లో పశువుల వెంట తిరిగి ఆలస్యంగా బడిలో చేరినందువల్ల అన్నకు అప్పటికే పదిహేనేళ్లు. మనిషి మాత్రం ద్వారబంధమంత ఉండేవాడు. సారు రెండు తరగతులనూ ఒకే గదిలో కూర్చోబెట్టి హాజరు వేస్తుంటే, రాత్రి షిఫ్టు దిగిన నాయన బొగ్గు మొహంతోనే లోపలికి వచ్చాడు.

"పందొమ్మిది అని రాసియ్యి సారూ."

"పదిహేనే. పరీక్ష రాయనియ్యి. మూడేండ్లు ఓపిక పట్టు."

"ఎన్నిసార్లు తిప్పుతవ్ నన్ను?" అంటూ నాయన నడుముకున్న తోలు బెల్టు ఊడదీశాడు. బాయిలో తలలైటు బ్యాటరీ తగిలించుకునే బెల్టది, చివర ఇత్తడి కొండీ ఉంటుంది. మొదటి దెబ్బకే సారు కనుబొమ చీలింది. రెండోది మెడ మీద, మూడోది అడ్డం పెట్టిన చేతి మీద పడ్డాయి. పిల్లలం బెంచీల కింద దూరాం. అన్న నాయన చేతికి వేలాడుతూ సారుతో అన్నాడు: "రాసియ్యుండ్రి సార్, దెబ్బలెందుకు తింటరు? నాకెట్లనూ లెక్కలు రావు."

సారు కంట్లోకి కారుతున్న రక్తం తుడుచుకున్నారు. "నీకు లెక్కలు రాకుంటె నా పేరు పోతది. గీ కాయితం రాస్తె నువ్వే పోతవ్. కూసో."

పోలీసులకు చెప్పలేదు. మర్నాడు తలకు కట్టుతో వచ్చి, లెక్క తప్పినందుకు నన్ను కొట్టారు. నాయన మీది కసి నా మీద తీర్చుకుంటారనుకున్నాను. ఒక్క దెబ్బ కూడా ఎక్కువ వేయలేదు.

నాయన ఇంకెక్కడో వయసు కాగితం పుట్టించాడు. అన్న పందొమ్మిదేళ్లవాడై బాయిలో దిగాడు. అయిదో నెలలో పైకప్పు కూలింది. దవాఖానలో మొహం మీది గుడ్డ తియ్యనివ్వలేదు. పాదాలు చూసే అమ్మ కొడుకును గుర్తుపట్టింది.

దినవారాలు కూడా కాలేదు, పిల్లవాడికి పదిహేనేనని, తండ్రి దొంగ కాగితం పెట్టాడని ఎవరో అర్జీ పెట్టారు. రుజువైతే నాయన పని పోతుంది, క్వార్టరు పోతుంది. ఆ రుజువు మా బడి రిజిస్టరులోనే ఉంది. విచారణకు ఇద్దరు అధికారులు వచ్చారు. మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టారు. తాను బెల్టుతో కొట్టిన మనిషి చేతిలోనే మా కూడు ఉందని తెలిసి, నాయన గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

సారు రిజిస్టరు తెరిచి వాళ్ల ముందు పెట్టారు. "గీ పుట్టిన తారీఖు నేను అందాజగ రాసింది" అన్నారు. "చెయ్యి తల మీదికెల్లి చెవికందుతదా అని సూసి చేర్చుకోవాలె. గది గూడ సూడలే. పిలగానికి అప్పటికే ఈడెక్కువ, ఆళ్ల నాయిన కాయితమే నిజం. తప్పు నాది, రాసుకోండ్రి."

అందులో ఒక్క ముక్క నిజం లేదు. అమ్మ పండుగల లెక్కన చెబితే, పాత పంచాంగం తెప్పించి అన్న పుట్టిన తారీఖు తేల్చిన మనిషి ఆయన. అధికారులు ఆయన చేత సంతకం పెట్టించుకున్నారు. రిజిస్టరు సరిగా రాయలేదన్న మచ్చ వేసి, నెల తిరగకుండా ఆయనను దూరపు ఊరికి బదిలీ చేశారు. మేము ఆ క్వార్టరులోనే ఉన్నాం. నేను ఏడో తరగతి పరీక్ష రాశాను, పాసయ్యాను, ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. అదంతా ఆయన పెట్టిన భిక్ష.

ఆ రోజు అధికారుల జీపు గేటు దాటగానే నాయన వచ్చి సారు కాళ్ల మీద పడ్డాడు. సారు జబ్బ పట్టుకుని లేపారు. లేపి, చెంప మీద కొట్టారు. ఒకటి కాదు, మళ్లీ మళ్లీ కొట్టారు. నాయన చేతులు వేలాడేసి నిలబడ్డాడు, తప్పుకోలేదు. అమ్మ అడ్డం వెళ్లలేదు. "పదిహేనేరా, పదిహేనే" అంటూ కొడుతూనే సారు ఏడ్చేశారు. ఇక చెయ్యి లేవక, ఆ చేతిని నాయన భుజం మీదే ఆనించుకుని నిలబడిపోయారు.