కాన్పు గదికి నేను తీసుకెళ్ళిన పాట

ఆ మధ్యాహ్నం బిడ్డ కదల్లేదు.

ఎనిమిదో నెల. ధర్మవరంలో అత్తగారింట్లో ఉన్నాను. అన్నం తిని ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే రోజూ ఆ వేళకు లోపల ఒక కాలో చెయ్యో తన్నేది. ఫోన్ పొట్టకు ఆనించి జోలపాటలు వినిపించే వేళ అది. ఆ రోజు పాట అయిపోయింది. మళ్ళీ పెట్టాను. మళ్ళీ అయిపోయింది. లోపల ఏమీ లేదు.

మగ్గం గుంటలో కూర్చుని పట్టుచీర నేస్తున్న అత్తకు చెప్పాను. ఆమె మగ్గం ఆపి పైకి వచ్చింది. పొట్ట మీద చెయ్యి పెట్టి నవ్వింది.

"దినామూ జోల పెడ్తాండావు గదమ్మా. నిద్దరపోయినాది. నిద్దరపోయే బిడ్డను లేపగూడదు. నువ్వూ పండుకో."

ఆ మాట నాకు చల్లగా తగిలింది. పడుకున్నాను. నా నిద్ర చెడకూడదని ఆమె ఆ సాయంత్రమంతా మగ్గం వెయ్యలేదు.

మర్నాడు పొద్దున నా భర్త వీరేష్ హిందూపురంలో మేం చూపించుకునే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె స్కాన్ చేస్తూ చేస్తూ స్క్రీన్‌ను తన వైపుకు తిప్పుకుంది. అప్పుడే నాకు తెలిసిపోయింది.

"హార్ట్ బీట్ దొరకడం లేదమ్మా. నిన్న ఎందుకు రాలేదు?"

"నిద్దరపోయినాదనుకుంటిమి మేడం" అంది అత్త.

"కడుపులో బిడ్డ నిద్ర చిన్నది. పూటంతా నిద్రపోదు." తర్వాత నా వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. "పాటల వల్ల ఏమీ కాలేదు. నిన్న వచ్చి ఉంటే బతికేదా అంటే నేను చెప్పలేను. వచ్చి ఉండాల్సింది, అంతే."

బిడ్డ కడుపులోనే పోతే దాన్ని ఐయూడీ అంటారు. ఆపరేషన్ చెయ్యరు. నొప్పులు తెప్పించి మామూలు కాన్పులాగే కనేలా చేస్తారు. ఆడపిల్ల. ఆ గదిలో ఏడుపు తప్ప అన్ని శబ్దాలూ విన్నాను: ట్రేలో కత్తెర పెట్టిన చప్పుడు, పక్క గదిలో కుళాయి, వరండాలో ఎవరిదో ఫోన్ మోగి ఆగిపోవడం.

ఆ తర్వాత నేను పాట వినలేకపోయాను. ఏ పాటైనా సరే, మొదలవగానే ఆపేసేదాన్ని. ఒకసారి ధర్మవరం బస్సులో డ్రైవరు పాటలు పెడితే చెన్నేకొత్తపల్లిలో దిగిపోయి, ఎండలో ఇంకో బస్సు కోసం నిలబడ్డాను. వీరేష్ తన ఫోన్ రింగుటోను తీసేశాడు. అత్తకు మగ్గం దగ్గర కూనిరాగం తీసే అలవాటు ఉండేది. అదీ ఆగిపోయింది. నా ముందు ఎవరూ ఆ రోజు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

రెండోసారి నిలిచింది. ఈసారి పెనుకొండలో మా ఇంట్లోనే ఉండి, ఎప్పట్లాగే పత్రికకు వార్తలు రాసుకుంటూ వారం వారం హిందూపురం వెళ్ళి బిడ్డ గుండె చూసే ఎన్‌ఎస్‌టీ పరీక్ష చేయించుకున్నాను. రిపోర్టు బాగుందని చెప్పిన గంటకే మళ్ళీ భయం మొదలయ్యేది. కదలికలు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. కదిలితే ఇదే ఆఖరుదేమో అనిపించేది.

తొమ్మిదో నెలలో డాక్టరమ్మ చెప్పింది. "లైకర్, అదే ఉమ్మనీరు, తగ్గుతోంది. ఇంకో వారం చూసి ఇండక్షన్ చేద్దాం. నొప్పులు రావడానికి చాలా సేపు పట్టొచ్చు. మానిటర్ చూస్తూ కూర్చుంటే నీ బీపీ ఆగదు. వినడానికి ఏదైనా తెచ్చుకో."

"నేను పాటలు వినను మేడం."

"అందుకే వారం ముందు చెప్తున్నా. వెతుక్కో. ఆ గదిలో ఉత్త నిశ్శబ్దం నీకు మంచిది కాదు."

నాకు తెలిసిన పని ఒకటే, అడగడం. తెలిసిన ఆడవాళ్ళందరినీ మీరు కాన్పులో ఏం విన్నారని అడిగాను. మా వీధికి కూరగాయలు తెచ్చే రత్నమ్మ గంప దించకుండానే నవ్వింది.

"పాటనా? నా మొగుణ్ణి నేను తిట్టిన తిట్లే పాట. హిందూపురం బస్టాండు దాకా ఇనపడింటాయి!"

పక్కింటి సలోమి టీచరు గొంతు తగ్గించి చెప్పింది. "మా చర్చి పాటలు పెట్టుకున్నా. రెండో చరణానికే ఇయర్‌ఫోన్లు పీకి నర్సు మీదికి ఇసిరినా. పాస్టరమ్మకు మాత్రం చెప్పొద్దు మే."

నవ్వాను. ఇంట్లోకి వచ్చి ఒక్కొక్కటే పెట్టి చూశాను. సినిమా పాటలు, దేవుడి పాటలు, ఉత్త వేణువు, వాన చప్పుడు. ఏదీ నిమిషం దాటలేదు. వాన చప్పుడుకు కూడా ఏడుపొచ్చింది. వీరేష్ వచ్చి ఫోన్ చేతిలోంచి తీసుకున్నాడు.

"ఏమీ వద్దులే. నేను తలుపవతల నిలబడి పిలుస్తాంటా. అది ఇను."

తలుపవతలి గొంతు లోపలికి రాదని ఇద్దరికీ తెలుసు.

అప్పుడు అగళి నుంచి మా అవ్వ వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. విషయమంతా విని, వక్క కొరుకుతూ అంది:

"పుట్టకముందే జోలేంది మే? అది బిడ్డొచ్చినాక పాడేది. కాన్పంటే పని. పనికి పనిపాట. చెనక్కాయ పెరికేటప్పుడు ఏం పాడుతుంటిమి? అది పెట్టుకో."

ఆ పాట నాకు గుర్తుంది. వేరుశెనగ చేనిలో ఒక్కో సాలు, అంటే ఒక్కో వరుస, పట్టుకుని పెరికేటప్పుడు ఒకామె ముందు పాడుతుంది. మిగతా వాళ్ళు వంగి చెట్టు పట్టుకుని, "ఇంకొక్క సాలు" అంటూ ఒక్కసారిగా పెరుకుతారు. ఆ మాటకే ఊపిరి బయటికొస్తుంది, ఆ మాటకే చెట్టు ఊడొస్తుంది.

రికార్డు చెయ్యడానికి ఫోన్ ముందు పెడితే అవ్వ సిగ్గుపడి గోడ వైపు తిరిగి పాడింది. పొద్దు వంగింది గానీ సాలు వంగలేదని, మన్ను రాయైందని, చేను గలామెకు కళ్ళు పెద్దవి, చెయ్యి చిన్నదని. ప్రతి వరసకూ జవాబు చెప్పడానికి ఖాళీ వదిలింది. మధ్యలో దగ్గింది. ఒక కోడి అరిచింది.

"చేను గలామెను తిడ్తాండావే అవ్వా!"

"తిట్టకపోతే మన్ను ఇడుస్తాదా?"

పాట చివరిదాకా విన్నాను. ఆపబుద్ధి కాలేదు. అందులో ఊయల లేదు, బిడ్డ లేదు. వంగిన నడుములున్నాయి.

అడ్మిట్ అయిన రోజు పొద్దున నొప్పులు రావడానికి జెల్ పెట్టారు, మధ్యాహ్నం డ్రిప్ ఎక్కించారు. పొట్టకు బెల్టు చుట్టి బిడ్డ గుండె వినిపించే సీటీజీ మానిటర్ పెట్టారు. రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. నర్సు వచ్చి ఒకటి లాగేసింది.

"ఒక చెవి నాకు ఇడువక్కా. ముక్కమంటే ముక్కల్ల, వద్దంటే ఆపల్ల. నీకు ఇనపడకపోతే నేను ఎవరికి చెప్పేది?"

అలా ఒక చెవిలో అవ్వ, ఇంకో చెవిలో మానిటర్‌లో బిడ్డ గుండె. నొప్పి వచ్చినప్పుడల్లా అవ్వ ఒక వరస పాడేది, ఖాళీలో నేను "ఇంకొక్క సాలు" అని ఊపిరి వదిలేదాన్ని. కొంతసేపటికి నర్సు అడిగింది, "యాడిది సాలు? ఎన్ని పెరికితే అయితాదక్కా?" తర్వాత తనూ నాతోపాటు అనడం మొదలుపెట్టింది.

చీకటి పడే వేళకు నర్సు పక్క మంచం దగ్గరికి వెళ్ళింది. ఒక నొప్పి తగ్గింది. కుడి చెవిలో అవ్వ పాడుతూనే ఉంది. ఎడమ చెవిలో గుర్రంలా పరుగెత్తే చప్పుడు నడకయింది. నడక తడబడింది.

"సిస్టర్!" అని ఎంత గట్టిగా అరిచానో నాకు తెలియదు.

నన్ను పక్కకు తిప్పారు. మొహానికి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. "డీసెల్. బిడ్డ గుండె వేగం రికవర్ కావడం లేదు. ఉమ్మనీటిలో మెకోనియం ఉంది. ఓటీకి పదండి." ఎవరో ఇయర్‌ఫోన్ తీసేశారు. స్ట్రెచర్ తలుపు దాటుతుంటే వీరేష్ మొహం కనబడింది. పిలుస్తానన్న మనిషికి నోరు రాలేదు.

ఓటీలో వెన్నులో సూది వేశారు. నడుము కింద నేను లేను. పాట లేదు, మానిటర్ లేదు. నాకు మిగిలింది జవాబు ఒక్కటే. "ఇంకొక్క సాలు" అన్నాను. మత్తు డాక్టరు వంగి, "ఏమ్మా, ఏం కావాలి?" అన్నాడు. మళ్ళీ అదే అన్నాను.

బిడ్డను తీశారు. లోపల ఏదో ఖాళీ అయినట్టు తెలిసింది. ఏడుపు లేదు.

ట్రేలో కత్తెర పెట్టిన చప్పుడు. ఎక్కడో కుళాయి. ఈ గది నాకు తెలుసు. ఇక్కడికే మళ్ళీ వచ్చాను. సక్షన్ మిషన్ గుర్రుమంది. "స్టిమ్యులేట్ చెయ్యి, ఇంకోసారి" అంటోంది డాక్టరమ్మ. పైనున్న లైటు చూస్తూ ఇంకొక్క సాలు, ఇంకొక్క సాలు అనుకుంటూనే ఉన్నాను. దేవుణ్ణి అడగడానికి కూడా ధైర్యం లేదు.

అప్పుడు ఒక చిన్న కూత వినబడింది. గొంతు పూర్తిగా తెరుచుకోని కూత. ఆగింది. మళ్ళీ వచ్చింది.

"ఆడపిల్ల. ఏడుస్తోంది, వింటున్నావా?" అంది డాక్టరమ్మ.

వింటున్నాను.

పాపను పసిబిడ్డల ఐసీయూలో పెట్టారు. మెకోనియం, అంటే కడుపులోనే వదిలిన మలం, మింగిందని, ఊపిరి వేగంగా తీస్తోందని ఆక్సిజన్ ఇచ్చారు. మూడో రోజు జ్వరం వచ్చి మళ్ళీ భయపెట్టింది. అద్దం అవతలి నుంచి దాని డొక్క ఎగరడం చూస్తూ నిలబడేదాన్ని. నాకు బీపీ మాత్రలు కొన్నాళ్ళు సాగాయి. డిశ్చార్జి రోజు డాక్టరమ్మ, "మానిటర్‌లో ఆ మార్పు నీకంటే ముందు ఎవరూ వినలేదు" అంది.

ఇప్పుడు పాప గోడ పట్టుకుని నిలబడుతోంది. పాటలు కొన్ని వినగలుగుతున్నాను, జోలపాట మాత్రం ఇంకా కాదు. పాపను నిద్రపుచ్చేది అవ్వ పాటే. ధర్మవరం వెళ్తే అత్తే పాడుతుంది. "మగ్గమింట్లో చెనక్కాయ పాటేందని ఈదిలో నగుతాండారు" అంటూనే పాడుతుంది. పాప నిద్రపోయాక నేను వెళ్ళి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. నాకంటే ముందే అత్త వేలు అక్కడ ఉంటుంది.

కాన్పుకు వెళ్ళే చెల్లెళ్ళకు ఒకటే చెప్తాను. మీకు నచ్చిన పాట తీసుకెళ్ళండి, ముందే విని చూసుకోండి, కానీ ఒక చెవి బిడ్డకు వదిలిపెట్టండి. కడుపుతో ఉన్నన్నాళ్ళూ అంతే. కదలికలు తగ్గాయనిపిస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి. నిద్రపోతోందని ఎవరు చెప్పినా సరే, ఎంత ప్రేమగా చెప్పినా సరే.