కారు ఎడమకి లాగుతోందని అల్లుడుగారికి ఎవరు చెప్తారు?

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి మా ఊళ్ళో కొబ్బరి దింపు తీసేవాళ్ళకి తెలుసు, కరెంటు లైన్‌మాన్‌కి తెలుసు, పాలు పోసే ఆవిడకి తెలుసు. మా ఆవిడకి మరీ బాగా తెలుసు. కాఫీలో పంచదార కాస్త తగ్గిందంటే ఆ విషయం పెరటి గోడ అవతలివాళ్ళకి కూడా వినపడేలా చెప్పగలను. అలాంటి నేను ఈ లోకంలో ఒక్క మనిషి ముందు మాత్రం నోరు కట్టేసుకుని కూర్చుంటాను. ఆయన మా అల్లుడుగారు.

గోదావరి జిల్లాల్లో అల్లుడంటే ఏమిటో బయటివాళ్ళకి చెప్పడం కష్టం. ఆయన ఇంటికొస్తే మంచి కుర్చీ ఆయనది, ఫ్యాను ఆయనది, చేప ఏదైనా నడిమి ముక్క ఆయనది. మంచినీళ్ళకని ఆయన లేవబోతే ఇంటిల్లిపాదీ పరిగెడతాం. మా ఆవిడైతే అమ్మాయి పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆయన ఎదుట నిలబడి మాట్లాడదు. తలుపు చాటున నిలబడి, ఎదురుగా ఉన్న గోడకి చెబుతున్నట్టు మాట్లాడుతుంది. ఆయన ఏమన్నా మా నోటి వెంట వచ్చేది ఒకటే జవాబు: "ఆయ్, అలాగేనండి."

ఆయన గల్ఫ్‌లో కార్ల షెడ్డులో పని చేస్తారు. అమ్మాయీ మనవడూ మా దగ్గరే ఉంటారు, ఆయన రెండేళ్ళకోసారి సెలవు మీద వస్తారు. కిందటిసారి వచ్చినప్పుడు ఫోనులో ఒక కారు బొమ్మ చూపించి, "ఎలా ఉందండీ మావయ్యగారూ? ఇలాంటివి మా షెడ్డులో నేనే చేస్తానండి" అన్నారు. నా కళ్ళజోడు లోపల గదిలో ఉంది. నాకు కనబడింది ఏదో నల్లటి వస్తువు, దాని కింద నాలుగు గుండ్రాలు. "ఆహా, చాలా బాగుందండి బాబూ" అన్నాను. అల్లుడుగారు చూపిస్తే బాగోలేదని ఏ మామగారంటాడు?

ఆ ఒక్క ఆహాకి ఫలితం ఈసారి సెలవులో వచ్చింది. ఆయనతో పాటు రెండు బరువైన పెట్టెలు దిగాయి. దుప్పట్లూ ఖర్జూరాలూ అనుకుని మా ఆవిడ బీరువాలో చోటు కూడా చేసింది. తెరిస్తే కారు స్ప్రింగులు. మర్నాడే ఆయన, "మీ కారు సర్వీసుకి తీసుకెళ్తానండి మావయ్యగారూ" అని రామచంద్రపురంలో స్నేహితుడి షెడ్డుకి పట్టుకుపోయారు. అత్తసొమ్ము అల్లుడు దానం అంటారు కదా, మామ సొమ్ముకి ఏమవుతుందో సామెతలో లేదు. నేనే కళ్ళారా చూడాల్సి వచ్చింది.

వారం పోయాక తిరిగొచ్చింది నా కారు కాదు. నాది తెల్లగా, ఎత్తుగా, తోటలోకి వెళ్ళి రెండు బస్తాల కాయ వేసుకొచ్చే మర్యాదస్తురాలు. వచ్చినది పొట్ట నేలకి ఆనించి కూర్చున్న కప్ప. చక్రాలు వెడల్పుగా ఒంటిలోంచి బయటికి పొడుచుకొచ్చాయి. స్టార్టు చేస్తే వీధి చివర కుక్కలు ఇటువైపు పరిగెత్తుకొచ్చాయి. అందులోకి ఎక్కడమనేది లేదు, దిగడమే. ముందు గొంతుకూర్చుని, దేవుణ్ణి తలుచుకుని, వెనక్కి పడాలి. బయటికి రావాలంటే ఇద్దరు మనుషులు చెరో చెయ్యీ పట్టుకుని లాగాలి.

"ఎలా ఉందండీ?" అన్నారు అల్లుడుగారు, మొహం వెలిగిపోతూ.

"ఆహా" అన్నాను.

పాత కారుకి అయినవిల్లి గుళ్ళో రెండోసారి వాహనపూజ చేయించుకొచ్చారు. ఆ రోజే బయటపడింది, కారు ఎడమకి లాగుతోందని. స్టీరింగు కాస్త వదులు చేస్తే చాలు, గడ్డి చూసిన గేదెలా ఎడమకి పోతుంది. మా ఊరి నుంచి అమలాపురం వెళ్ళేటప్పుడు ఎడమన పొలాలు, ఫర్వాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఎడమన కాలవ.

ఇంతవరకూ ఎలాగో భరించాను. అసలు పిడుగు ఆ రాత్రి భోజనాల దగ్గర పడింది. "సెలవు అయ్యేలోగా మీ అమ్మాయికి ఈ కారు మీదే డ్రైవింగు నేర్పించేస్తానండి. రోజూ బాబుని స్కూల్లో ఇందులోనే దింపుతాదండి" అన్నారాయన. తలుపు చాటున గరిటె కింద పడిన చప్పుడైంది.

ఆయన పడుకున్నాక మా ఆవిడ నా మీద పడింది. "ఆ కప్పలో నా కూతురూ మనవడూ కాలవ గట్టు మీద తిరుగుతారా? మీరు చెప్పండి ఆయనకి."

"నువ్వు చెప్పు."

"నేనెలా చెప్తానండీ, అత్తగార్ని!"

"నేనెలా చెప్తానే, మామగార్ని!"

మా వంశంలో ఒక చరిత్ర ఉంది. మా మేనత్త మొగుడు పప్పులో నెయ్యి తక్కువైందని అలిగి లేచి వెళ్ళిపోయి, మళ్ళీ చచ్చేదాకా మా గుమ్మం తొక్కలేదు. మేనత్త పుట్టింటికి రావాలంటే ఎవరికీ చెప్పకుండా రావాల్సి వచ్చేది. నెయ్యికే అంతైతే, స్వహస్తాలతో బిగించిన స్ప్రింగుల మాటేమిటి? చెబితే కూతురి కాపురానికి చెరుపు, చెప్పకపోతే కూతురి ప్రాణానికి. కక్కలేక మింగలేక తెల్లవార్లూ దొర్లాను.

పొద్దున్నే ఉపాయం తట్టింది. చెప్పాల్సిన మాట బయటివాడి చేత చెప్పిస్తే పోలా? "బాబూ, ఊరికేనండి, అమలాపురంలో ఒకసారి వీల్ అలైన్‌మెంట్ చూపిద్దామాండీ" అన్నాను, పంచదార కలిపిన గొంతుతో. "తప్పకుండానండి" అన్నారాయన.

అలైన్‌మెంటు షాపు దగ్గర మొదటి గంట కారుని ర్యాంపు మీదికి ఎక్కించడానికే సరిపోయింది. ఎక్కబోతే ముందు బంపరు ర్యాంపుకి తగిలి ఆగిపోయింది. షాపాయన పక్క వీధిలో కట్టే ఇంటి దగ్గర్నుంచి చెక్కలు తెప్పించి, ఒకదాని మీద ఒకటి పేర్చి, నలుగురి చేత తోయించారు. నాలుగు చక్రాలకీ పట్టీలు తగిలించి కంప్యూటరు తెర చూశారు. తెరంతా ఎర్రటి అంకెలు. ఆయన కనుబొమలు పైకి లేచాయి. నా ప్రాణం లేచొచ్చింది.

"ఈ పని ఎవరు చేసేరండీ?" అన్నారు షాపాయన, తిట్టడానికి గొంతు సవరించుకుంటూ.

"మా అల్లుడుగారండి" అన్నాను, ఆనందంగా, పక్కనే నిలబడ్డ ఆయన్ని చూపిస్తూ.

షాపాయన కనుబొమలు కిందకి దిగిపోయాయి. చేతిలో ఉన్న పానా పక్కన పెట్టి నమస్కారం పెట్టారు. "ఆయ్, అల్లుడుగారాండీ! వర్కు చాలా నీటుగా ఉందండి."

"మరి ఎడమకి లాగుతోంది కదండీ?" అన్నాను, పళ్ళు బిగించి.

"అది రోడ్డండి. మన రోడ్లన్నీ ఎడమకే వాలుంటాయండి."

"తెర మీద అన్నీ ఎర్రగా ఉన్నాయి కదండీ?"

"ఎండండి. మజ్జానం పూట అలాగే చూపిస్తాదండి."

నేను కన్ను గీటాను. ఆయన నా కంట్లో నలక పడిందనుకుని పంపు చూపించారు.

అల్లుడుగారు సోడా కోసం రోడ్డు దాటగానే షాపాయన నా చెవి దగ్గరికొచ్చారు. "ఏవండీ, నేను తిప్పగలిగినంత తిప్పేను గానండి, ఆ స్ప్రింగులు తీసెయ్యాలండి. చక్రాలు మార్చెయ్యాలండి. గోతిలో పడితే టైరు లోపల బాడీకి పట్టేస్తాదండి. అప్పుడు స్టీరింగు తిరగదండి. కాలవ గట్టు మీద జాగర్తండి."

"ఆ ముక్క ఆయనతో చెప్పొచ్చు కదయ్యా!"

"అమ్మమ్మ! తమరి అల్లుడుగారికి నేనెలా చెప్తానండీ? మా అల్లుడుగారూ ఈ నెల్లోనే వస్తన్నారండి. నాకు తెలీదాండీ ఆ బాధ?"

తిరుగు ప్రయాణంలో అల్లుడుగారు మహా హుషారుగా ఉన్నారు. ఒంటి చేత్తో నడుపుతూ, "చూసేరా మావయ్యగారూ, తప్పు రోడ్డుదేనంట" అన్నారు. "ఆయ్" అన్నాను. నా ఎడమ మోచేతి కింద, తలుపుకి అవతల, కాలవ నిండుగా పారుతోంది. ఇప్పుడు చెప్పాలి, ఈ మలుపు దాటాక చెప్పాలి, పోనీ ఆ వంతెన దాటాక చెప్పాలి అనుకుంటూ మూడు వంతెనలు దాటాను.

ఎదురుగా కొబ్బరికాయల లారీ వచ్చింది. దారి ఇవ్వడానికి ఆయన కారుని ఎడమకి తీశారు. చక్రం గోతిలో దబ్బుమని పడింది, కర్రుమంటూ ఏదో పట్టేసింది. ఆయన స్టీరింగు కుడికి లాగుతున్నారు, అది రావడం లేదు. కారు తన చిరకాల వాంఛ తీర్చుకోవడానికి కాలవ వైపు బయల్దేరింది.

"ఒరేయ్! కుడికి తిప్పరా, కుడికి! బ్రేకు తొక్కరా వెధవా!"

ఆ గొంతు నాదే. పెరటి గోడ అవతలికి వినపడే గొంతు. కారు గట్టు అంచు దాటి ముక్కు కిందకి వంచింది. అంత కిందకి ఉండబట్టే దాని పొట్ట గట్టుకి ఆనుకుపోయి, అక్కడే ఆగింది. కారైతే ఆగింది గానీ నేను ఆగలేదు. "వెధవ స్ప్రింగులూ నువ్వూనూ! బంగారం లాంటి కారుని కప్పని చేసి పెట్టేవు కదరా! ఇందులోనా నా కూతుర్నీ మనవణ్ణీ కాలవ గట్టు మీద తిప్పుతావు? నీ కొడుకు కాదుట్రా వాడు? బుర్ర ఉందా నీకసలు?"

అప్పటికి ఊపిరి అయిపోయింది. అప్పుడు తెలిసింది ఏం చేశానో. కళ్ళ ముందు మేనత్త కనబడింది, చేతిసంచీతో దొడ్డిదారిన వస్తూ.

అల్లుడుగారు దిగి, ఇటొచ్చి, నా చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా బయటికి లాగారు. లారీ డ్రైవరు అప్పటికే మోకు తీసుకుని వస్తున్నాడు. నా ప్రవచనం మొత్తం వినే ఉంటాడు. "పోనీలెండి బాబూ, ప్రాణాలకేం కాలేదు. మీ అబ్బాయాండీ? కుర్రోళ్ళు అంతేనండి" అన్నాడు నాతో.

నేను నోరు తెరిచేలోగా అల్లుడుగారే జవాబిచ్చారు. "ఆయ్, వాళ్ళబ్బాయినేనండి."

లారీతో కారుని రోడ్డు మీదికి లాగించి, వాళ్ళు వెళ్ళిపోయాక గట్టు మీద కూర్చున్నాం. "ఇదంతా ఎప్పట్నుంచి మనసులో ఉందండీ?" అన్నారాయన.

"కారు ఇంటికొచ్చిన రోజు నుంచీ."

"మరి బాగుందన్నారు కదండీ?"

"అల్లుడివి కదయ్యా. ఏమనమంటావు?"

ఆయన నవ్వారు. చాలాసేపు నవ్వారు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "అక్కడ షెడ్డులో రోజూ తిడతారండి. హిందీలో తిడతారు, అరబ్బీలో తిడతారు. ఒకటి అర్థమయ్యేలోగా ఇంకోటి తిడతారు. తెలుగులో నన్ను తిట్టింది మా నాన్నొక్కడేనండి. ఆయన పోయేకా మళ్ళీ ఇవాళ మీరేనండి" అన్నారు. "మీ ఇంటికొస్తే కుర్చీలో కూచోబెట్టి, పెట్టి, పంపించేస్తారు. చుట్టపుచూపుగా వచ్చినోడికి మల్లే ఉంటాదండి నాకు. నాకొచ్చిన పని ఇదొక్కటే. మీకు చేసి చూపిద్దామనుకున్నానండి."

నాకు సిగ్గేసింది, జాలేసింది. పెద్ద గండం గడిచింది కాబట్టి ఆకలి కూడా వేసింది. మర్యాద పేరుతో ఆ పిల్లాణ్ణి ఇన్నేళ్ళూ గుమ్మంలోనే నిలబెట్టామని అప్పటిదాకా నాకు తోచనే లేదు. "లేవరా, అన్నానికి వేళైంది" అన్నాను.

మర్నాడు రామచంద్రపురంలో పడున్న పాత స్ప్రింగులూ చక్రాలూ తెచ్చి కార్లో వేసుకుని మళ్ళీ అదే షాపుకి వెళ్ళాం. షాపాయన్ని పక్కన కూర్చోబెట్టి అల్లుడు తనే కారు కిందకి దూరాడు. నేను పైన నిలబడి, "ఆ నట్టు బిగించావురా? సరిగ్గా చూడు" అంటూ ఉంటే షాపాయన కాసేపు నోరు తెరుచుకుని విని, తర్వాత తనూ మొదలుపెట్టారు. చక్రాలు తప్పన్నారు, టైర్లు తప్పన్నారు, సైలెన్సరు మహాపాపమన్నారు.

"నిన్న ఎండన్నారు కదండీ?" అన్నాను.

"నిన్న ఆయన అల్లుడుగారండి. ఇవాళ తమరు ఏరా అంటన్నారు కదండీ, మరి చెప్పుకోవచ్చండి" అన్నారాయన, గుండె బరువు దిగినట్టు.

అన్నీ బిగించి, మళ్ళీ పట్టీలు తగిలించి, తెర మీద అంకెలు పచ్చబడ్డాక నన్నే నడపమన్నాడు అల్లుడు. ఎత్తుగా, మర్యాదగా నా సీట్లో నేను కూర్చున్నాను. ఊరు దాటి కాలవ గట్టు ఎక్కాం. రోడ్డు తిన్నగా ఉన్నచోట స్టీరింగు మీద పట్టు వదులు చేశాను.

"ఎలా ఉందండీ మావయ్యగారూ?" అన్నాడు వాడు, నా మొహంలోకే చూస్తూ. మట్టీ గ్రీజూ చెమటా కలిసి వాడి చొక్కా చూడ్డానికి లేదు. పొద్దున్నుంచీ కారు కిందే ఉన్నాడు. ఆహా అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంకా కాస్త ఎడమకే లాగుతోందిరా" అన్నాను.

వాడు అటు వంగి స్టీరింగు మీద రెండు వేళ్ళు వేసి చూశాడు. "అవునండి, లాగుతోంది. వెనక్కి తిప్పండి, మళ్ళీ చేస్తాను" అన్నాడు. ఇన్నేళ్ళలో నేను బాగుందని ఎన్నిసార్లన్నానో లెక్కలేదు గానీ, వాడి మొహంలో అంత సంతోషం చూడడం అదే మొదటిసారి.