నాకు తోడుగా వచ్చిన నాయన

పొద్దున్నే మగ్గం గుంటలోకి దిగేముందు నాయనకు ఒక గుక్క పడాలి. మత్తు కోసం కాదు, చేతులు వణక్కుండా ఉండడానికి. ధర్మవరంలో మా వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు. ఎవరూ దాన్ని తాగుడు అనరు. "చెయ్యి కుదురుకోవల్ల కదా" అంటారు. ఆ గుక్క గ్లాసయింది, గ్లాసు సీసా అయింది. నేను దారం కండెలు చుట్టి అందిస్తుంటే నాయన పోగుల మధ్యకు నాడె విసరబోయి వాటిని తెంపేవాడు. అమ్మ వచ్చి తెగినవన్నీ అతికేది.

ఒకరోజు మగ్గం దగ్గరే ఒళ్ళు బిగుసుకుని పడిపోయాడు. హిందూపురంలో చిన్నమ్మ ఉంది కాబట్టి అక్కడి ఆసుపత్రిలో చేర్చాం. వణుకు తగ్గి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు, మళ్ళీ మొదలుపెడితే మనిషి దక్కడం కష్టమన్నాడు. మందులొక్కటే చాలవు, మానినవాళ్ళు కూర్చుని మాట్లాడుకునే మీటింగులుంటాయి, పొమ్మన్నాడు.

"ఈ ఊర్లో వద్దే పాపా, మీ చిన్నాయనకు తెలిసినోళ్ళే అందరూ" అంది చిన్నమ్మ. ధర్మవరంలో వద్దని నాయనే అన్నాడు. మధ్యలో పెనుకొండ మిగిలింది.

డాక్టరిచ్చిన నంబరుకు ఫోన్ చేయడం నా వంతు. ఏం మాట్లాడాలో డైరీలో రాసుకుని రెండుమూడు సార్లు చదువుకున్నాను. అవతల "హలో" అనగానే "నేను..." అని ఆగిపోయాను. ఆయన, "మాట్లాడకున్నా పర్వాల్యా తల్లీ. ఆదివారం సాయంత్రం రాండి" అని, పెనుకొండలో ఏ బడికి రావాలో దారి చెప్పి పెట్టేశాడు. నాలాంటివాళ్ళు చాలామంది చేస్తారేమో.

ఆదివారం బయల్దేరుతుంటే పక్కింటి అవ్వ అరుగు మీదనుంచి అడిగింది.

"యాడికబ్బా, తండ్రీకూతుళ్ళు?"

"పెనుకొండ దర్గాకవ్వా" అన్నాడు నాయన తడుముకోకుండా.

"ఉండు ఉండు" అని లోపలికి పోయి చక్కెర పొట్లం, ఊదుబత్తీలు తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా మోకాళ్ళ పేరు చెప్పి సాయిబు చేత చదివించండి."

మీటింగు ఒకటో తరగతి గదిలో. పెద్దపెద్ద మగవాళ్ళు చిన్నపిల్లల బల్లల్లో మోకాళ్ళు గడ్డాలకు తగిలేలా కూర్చున్నారు. ఫోన్లో విన్న గొంతు ఒక పెద్దాయనది. మునుపు లారీ తోలేవాడట. "రాండప్పా, సిగ్గుపడొద్దు. చదువు అబ్బనోళ్ళమంతా మళ్ళా ఒకటో తరగతిలో చేరినాం" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు.

ఒక్కొక్కరూ తమ గురించి చెప్పుకుంటూ వచ్చారు. పేర్లు చెప్పనక్కర్లేదు. తాగేవాణ్ణని ఒప్పుకుంటే చాలు. మా వంతు వచ్చింది. నాయన గోడ మీది అక్షరాల పటం వైపు చూస్తూ, "నేను ఈ పాపకు తోడుగా వచ్చినానప్పా" అన్నాడు.

గదంతా నా వైపు తిరిగింది. ఎవరి ముఖంలోనూ వెక్కిరింత లేదు. అదే ఇంకా కష్టంగా ఉంది. మా వెనక కూర్చున్న ఒక అక్క, ఆమే ఆ గదిలో ఇంకొక ఆడమనిషి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏం కాదు చెల్లీ. నేనూ తాగినదాన్నే. నీకు ఎప్పటినుంచి ఉండాది అలవాటు?"

నేను తల వంచుకుని చక్కెర పొట్లం దారాన్ని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. కాదనలేదు. కాదంటే నాయన లేచి వెళ్ళిపోతాడని భయం.

"చెప్పలేకుంటే వద్దులేమ్మా" అన్నాడు పెద్దాయన. "ఇంత చిన్నవయసులో వచ్చినావు, అదే గొప్ప."

పక్కన బల్ల కిర్రుమంది. నాయన లేచి నిలబడ్డాడు. నేననుకున్నంతా అయిందనుకున్నాను.

"దాన్ని అడగొద్దండప్పా" అన్నాడు. "దానికి కాఫీ కూడా పడదు. తాగేది నేను. నేనే తాగుబోతుని."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. పెద్దాయన, "కూచోప్పా. కూతురికి తోడు, అల్లునికి తోడు అనే వస్తాం అందరమూ. నేను నా లారీ క్లీనరుకు తోడొచ్చినా" అన్నాడు. అక్క నా భుజం మీద చెయ్యి తియ్యలేదు. "నిన్ను అనవసరంగా తాగుబోతును చేస్తినే" అని నా చెవిలో గుసగుసలాడింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

బయటికి వచ్చాక నాయన నా ముఖం చూడలేదు. రైలు స్టేషను వైపు నడుస్తున్నాడనుకున్నాను. దర్గా దారి పట్టాడు.

"అవ్వ మోకాళ్ళు మర్చిపోతివా? ఆ అబద్ధమన్నా నిజం చేద్దాం, పద."

చక్కెర చదివించి, ప్రసాదంగా తిరిగిచ్చినది కొంగున కట్టుకుని ఇంటికి వచ్చాం. అవ్వ కళ్ళకద్దుకుని తినింది.

ఆ తర్వాత అన్ని ఆదివారాలూ సాఫీగా గడవలేదు. ఒక పెళ్ళికి పోయి నాయన తాగి వచ్చాడు. ఆ వారం మీటింగుకు రానన్నాడు. నేను చెప్పులు వేసుకుని గడప దగ్గర నిలబడ్డాను. నాకు అంతకంటే మాట్లాడడం రాదు. చాలాసేపటికి ఆయన చొక్కా వేసుకుని వచ్చాడు. వీధిలోకి దిగగానే అవ్వ అడగనే అడిగింది.

"మళ్ళా దర్గాకేనా?"

నాయన అరుగు దగ్గరికి నడిచాడు.

"కాదవ్వా. తాగుడు మానేదానికి పోతాండా. పాప తోడు వస్తాంది."

అవ్వ లోపలికి పోయి మళ్ళీ చక్కెర పొట్లం తెచ్చి, ఈసారి నాయన చేతిలో పెట్టింది.

"అట్లయితే ఇది నీ పేరు చెప్పి చదివించుకో. నా మోకాళ్ళు యాడికి పోవులే."