గీత వెంట చించిన కాగితం

మదరాసు ప్రెసిడెన్సీ రోజులవి. మార్కాపురంలో ఎక్కిన రైలులో, మరునాటి బీజగణిత పరీక్ష కోసం గ్రాఫులు గీసుకుంటున్నాను. అప్పటికి రెండుసార్లు తప్పాను. ఈసారీ తప్పితే చదువు మాన్పిస్తానని నాయన ఖండితంగా చెప్పి పంపాడు. ప్రతి వర్గ సమీకరణానికీ కొత్తగా పట్టిక వేసి, చుక్కలు పెట్టి, వక్రరేఖ గీయాలని మా ఉపాధ్యాయుడు బెత్తంతో నేర్పాడు. కారణం ఏనాడూ చెప్పలేదు.

ఎదుటి బల్ల మీద కూర్చున్న పలకల పనివాడొకాయన నా కాగితాలు చూసి నవ్వాడు.

"ఏంది అబ్బాయా, ఇంత కష్టపడి మూడు గీసినావు? మూడూ ఒకటే గదా!"

"పలకలు కోసేవాడికి ఆల్జీబ్రా ఎందుకు?" అని కసిరాను.

"అదేందో నాకు తెలీదు నాయనా. మేం పలకపలకకూ కొలత పెట్టం. కొలతకు ఒక రేకు కోసి పెట్టుకుంటాం, దాన్నే రాతి మీద జరుపుకుంటా గీసుకుంటా పోతాం."

అంటూనే నా మొదటి గ్రాఫును గీత వెంట చించాడు. నేను అరిచేలోగా దానిని రెండవ గ్రాఫు మీద పెట్టి మూడు గళ్లు పైకి జరిపాడు. గీత మీద గీత కూర్చుంది. మూడవదాని మీద రెండు గళ్లు కుడికి జరిపాడు. అదీ కూర్చుంది. అప్పుడు తట్టింది: x వర్గానికి మూడు కలిపితే రేఖ పైకి పోతుంది, వర్గం చేయకముందే x నుంచి రెండు తీసివేస్తే కుడికి పోతుంది, ఆకారం మారదు. ఇంతమాత్రానికా రెండేళ్లు దెబ్బలు తిన్నానని ఒళ్లు మండిపోయింది.

గిద్దలూరులో దిగబోతూ ఆయన పలకల మూట ఎత్తుకోలేక తడబడ్డాడు. ఉపాధ్యాయుడి మీది ఆ ఒళ్లుమంటలోనే ఉండి నేను లేచి చేయి వేయలేదు.

పరీక్షలో నెగ్గాను. ఆనాడు కదలని నా కాళ్ల మీద కోపం మాత్రం ఇప్పటికీ తగ్గలేదు.